బ్రేకు రోజు

దోమల గది గడప దాటి ఆఫీసు సూపర్నెంటు ఏనాడూ లోపలికి వచ్చింది లేదు. వల తలుపుకి అవతలే నిలబడి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దాచుకుని, చెప్పాల్సింది చెప్పి పోతాడు. సోమవారం పొద్దున కూడా అలాగే నిలబడ్డాడు.

"అమ్మా, మీ బ్రేకు గురువారం పడింది. ముందే చెబుదామని వచ్చాను."

ఆమె తలెత్తలేదు. ముందు తెల్లటి పళ్ళెం, పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో కామా గుర్తుల్లా వంకర తిరిగి పల్టీలు కొడుతున్న ప్యూపాలు. వాటిని ఒక్కొక్కటిగా డ్రాపర్‌తో పీల్చి గిన్నెలోకి వదులుతోంది. దోమకి పురుగు దశ అయిపోయాక, రెక్కలు రావడానికి ముందు వచ్చే దశ అది. ఏ రోజువి ఆ రోజు ఏరి బోనులో పెట్టాల్సిందే. ఏరకపోతే పళ్ళెంలోనే రెక్కలొచ్చి గదంతా ఎగురుతాయి. ఎగిరాక ఏది ఏ జాతిదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

గదిలో ఉన్నవి రెండు జాతులు. ఎడం పక్క అరల్లో ఏ మందు కొట్టినా చావనివి, కుడి పక్క అరల్లో మామూలు మందుకే రాలిపోయేవి. వాటికి పెద్ద పెద్ద శాస్త్రీయ నామాలున్నా ఆమె నోటికి మొండివి, మెతకవి అనే అలవాటు. మొండివి ఎందుకు చావడం లేదో తేల్చడం ఆమె పరిశోధన. మురుక్కాలవల వెంట తిరిగి వాటిని పట్టుకొచ్చిన నాటి నుంచి తరం తర్వాత తరానికి మందు పరీక్ష పెట్టి, బతికి బట్టకట్టిన వాటినే పెంచుకుంటూ వచ్చింది. అవీ ఇవీ ఒక్కసారి కలిశాయంటే ఇన్నేళ్ళ పని మళ్ళీ మురుక్కాలవ పాలే.

"గురువారమా? సరే" అంది ఆమె.

బ్రేకు ఆమెకి కొత్త కాదు. ఏటా కాంట్రాక్టు ముగిసిన మర్నాడు ఒక రోజు వదిలేసి, ఆ పై రోజు నుంచి కొత్త కాంట్రాక్టు ఇస్తారు. ఆ మధ్య రోజున ఆమె ఆ సంస్థలో ఎవరూ కాదు. హాజరు ఉండదు, జీతం ఉండదు, గేటు దగ్గర పేరుండదు. దోమలకి ఈ సంగతి తెలీదు కాబట్టి ఆ రోజున కూడా ఆమె వెనక గేటు నుంచి వచ్చి పని చేసి పోతుంది.

సూపర్నెంటు కదల్లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోటమ్మా. ఆ పర్మనెంటు సైంటిస్టు పోస్టుకి మీరు పెట్టిన అప్లికేషను."

"ఇంటర్వ్యూ ఎప్పుడట?"

"అది పరిశీలనలోనే పోయింది."

"పోవడం ఏంటండీ?"

"ఎడతెగకుండా ఐదేళ్ళ సర్వీసు ఉండాలని ఉంది కదా. మీ సర్వీసులో మధ్యమధ్య బ్రేకులున్నాయి."

డ్రాపర్ గాల్లో ఆగిపోయింది. దాని కొసన ఒక ప్యూపా నీటిబొట్టులో గింగిరాలు తిరుగుతోంది. ఆమె దాన్ని జాగ్రత్తగా గిన్నెలోకి వదిలి అప్పుడు తలెత్తింది.

"ఆ బ్రేకులు పెట్టిందెవరండీ?"

"ఆఫీసే."

"అవి ఉన్నాయని అప్లికేషను తీసేసింది?"

"ఆఫీసేనమ్మా. కాకపోతే అది వేరే సెక్షను."

ఆ మాట అతను ఏ వెటకారమూ లేకుండా, నిజంగానే అది జవాబనుకుని చెప్పాడు. చెప్పి, చెవి దగ్గర ఏదో గుయ్యిమన్నట్టు తల విదిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆమె పళ్ళెంలో మిగిలినవన్నీ ఏరింది. మొండివాటి గిన్నెని ఎడం పక్క బోనులో పెట్టింది. బోనుకి చొక్కా చేతిలాంటి గుడ్డగొట్టం ఉంటుంది. అందులోంచి చెయ్యి దూర్చి గిన్నె దించి, చెయ్యి తీస్తూనే గొట్టాన్ని మెలిపెట్టి ముడి వెయ్యాలి. రోజూ కళ్ళు మూసుకుని వేసే ముడి ఆ పూట రెండుసార్లు జారింది. చెయ్యి కడుక్కుని, తెల్లకోటు విప్పి మేకుకి తగిలించి, హెడ్డు గది వైపు నడిచింది.

హెడ్డు మంచివాడని సంస్థలో పేరు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. ఆమెని చూడగానే కుర్చీ చూపించి, "రా అమ్మాయ్, నేనే పిలుద్దామనుకుంటున్నాను" అన్నాడు. ఆమె వయసు నలభైకి దగ్గరపడుతోంది. పీహెచ్‌డీ పట్టా వచ్చి చాలా ఏళ్ళయింది. అయినా ఆయనకి అమ్మాయే.

"నా అప్లికేషను సంగతి తెలుసా సార్?"

"తెలిసింది. చాలా బాధేసింది. నా చేతిలో ఉంటే నీకు కాక ఎవరికిస్తాను? రూలు అలా ఉంది."

"బ్రేకు ఆర్డరు మీద సంతకం మీదేగా సార్."

"సంతకం నాది. రూలు నాది కాదుగా." ఆయన నవ్వాడు. "అది వదిలెయ్. ఈ పోస్టు కాకపోతే ఇంకోటి. ఇప్పుడు అసలు విషయం విను. పరిశీలన కమిటీ వచ్చే నెలనుకున్నామా, ముందుకి జరిపారు. గురువారమే వస్తున్నారు. మన దోమల గదికి వాళ్ళు గుర్తింపు ఇస్తే దేశాలన్నిటి నుంచీ మందులు మన దగ్గరికే పరీక్షకొస్తాయి. ఈ సంస్థ దశ తిరుగుతుంది."

"గురువారం నాకు బ్రేకు సార్."

"అదే చెబుతున్నాను. నువ్వు మామూలుగా వెనక గేటు నుంచి వచ్చి అన్నీ సిద్ధం చేసెయ్. వాళ్ళొచ్చే వేళకి లోపల నీళ్ళ గదిలో ఉండు. ఏదైనా అడగాల్సి వస్తే నేనే వచ్చి అడుగుతాను. రికార్డులో లేని మనిషి వాళ్ళ కంట పడితే లేనిపోని ప్రశ్నలు."

"వాళ్ళకి చూపించేదెవరు?"

"నేనే చూపిస్తాను."

"నేను పెంచిన వాటిని నేను చూపించకుండా తలుపు చాటున కూర్చోవాలా సార్?"

"ఎవరు చూపిస్తే ఏముందమ్మాయ్? పేరు సంస్థదే కదా. నీకు తెలీనిది ఏముంది, నువ్వు లేకపోతే ఆ గదే లేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను."

ఎక్కడైనా చెబుతాడు, ఎక్కడా రాయడు, అనుకుంది ఆమె.   లేచి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వాకిట్లో పీటేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "లోకమంతా దోమల్ని చంపలేక చస్తుంటే మా కోడలు వాటికి పురుళ్ళు పోస్తోంది" అని వీధిలో అందరికీ చెప్పి నవ్వే మనిషి ఆవిడ. తను ఎంత నవ్వినా ఇంకొకరు ఆ ఉద్యోగాన్ని తేలిక చేస్తే మాత్రం ఊరుకోదు.

"ఏం, మొహం అలా వేలాడేశావు? నీ దోమలేమైనా అలిగాయా?"

ఆమె చెప్పులు విడిచి, పక్కనే గోడకి చేరగిలబడి, పొద్దున జరిగిందంతా చెప్పింది. చెబుతూ తనూ కాయలు అందుకుంది. అత్తగారు మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అంతా విని, చేతిలో కాయని రెండు ముక్కలుగా విరిచింది.

"అంటే, ఆ రోజు నువ్వు లేవని రాసిందీ వాళ్ళే. లేవు కాబట్టి పోస్టు లేదన్నదీ వాళ్ళే."

"అవునత్తయ్యా."

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని ఊరికే అన్నారా?"

భర్త అప్పుడే వచ్చాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అతనిది. సాయంత్రానికి వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి మిగిలే ఉంటుంది. ఆ పొడి కడుక్కుంటూ, తువ్వాలుతో తుడుచుకుంటూ మళ్ళీ కథంతా విన్నాడు.

"అన్యాయమే. ఎవరు కాదంటారు?" అన్నాడు. "కానీ శుక్రవారం కొత్త కాంట్రాక్టు మీద సంతకం పడాలి కదా. ఒక్క రోజు ఓర్చుకో. ఇప్పుడు ఎదురు తిరిగితే ఉన్నదీ ఊడుతుంది."

"ఏటా ఒక్క రోజే అంటున్నావురా నువ్వు" అంది తల్లి. "పోయినేడు ఇలాంటి రోజునే కదా దీని చెయ్యి తెగింది? గాజు గిన్నె పగిలి అంత లోతున దిగితే, వాళ్ళ ఆవరణలో ఆసుపత్రి ఉండి కూడా కట్టు కట్టలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని ఆటోలో వచ్చింది. ఎందుకు కట్టలేదో చెప్పు."

అతను తువ్వాలు మడత పెట్టసాగాడు.

"ఆ రోజు లిస్టులో పేరు లేదన్నారు" అంది ఆమె.

"పేరు లేకపోతే నెత్తురు కారదా?"

 ఆమె అరచేతిలో బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా ఉన్న గీత వైపు ముగ్గురూ చూశారు. చూసి, ఎవరి చూపు వాళ్ళు తిప్పుకున్నారు.

"పోనీ గురువారం పూర్తిగా మానెయ్. ఇంట్లో కూర్చో" అన్నాడు భర్త కొంచెం కోపంగానే. "వాళ్ళ కమిటీ, వాళ్ళ గది, వాళ్ళే పడతారు."

"మానేస్తే ప్యూపాలకి రెక్కలొస్తాయి. మొండివీ మెతకవీ కలిసిపోతాయి. హెడ్డుకి ఏమవుతుంది? ఇంకో ప్రాజెక్టు రాసుకుంటాడు. పోయేది నా పని."

"ఆ సంగతి వాళ్ళకి బాగా తెలుసు" అంది అత్తగారు చేట ఎత్తుకుంటూ. "నువ్వు రాకుండా ఉండలేవని తెలిసే, రావద్దని రాస్తున్నారు."

ఆ మాట ఆమెని మంచం మీద కూడా నిద్రపోనివ్వలేదు. ఇన్నేళ్ళూ ఆ బ్రేకుని ఆమె ఆఫీసువాళ్ళ తెలివితక్కువతనం అనుకుంది. తెలివితక్కువతనం కాదు. తన ఇష్టాన్ని తూకం వేసి, దాని బరువుకి సరిపడా చూసి మెడకి కట్టిన గుదిబండ అది.

మంగళ, బుధవారాలు పనితోనే గడిచాయి. బోనుల వలలు మార్చింది. పంచదార నీళ్ళలో ముంచిన దూది ఉండలు ప్రతి బోను పైనా కొత్తవి పెట్టింది. పురుగుల పళ్ళేలలో పైన తేలే తెట్టుని కాగితంతో లాగేసి, మేత పొడిని వేళ్ళతో సన్నగా జల్లింది. ఆడ దోమలకి నెత్తురు పట్టే రోజు కావడంతో గాజు గిన్నెకి పల్చటి పొర బిగించి, వెచ్చటి నీళ్ళు చుట్టూ తిరిగేలా గొట్టాలు తగిలించింది. పొర మీదికి దోమలు ఒక్కొక్కటే వచ్చి వాలి, కడుపులు ఎర్రగా ఉబ్బేదాకా కూర్చుని, బరువుగా లేచి వల మీద అతుక్కుంటుంటే చూస్తూ నిలబడింది. గది ఎప్పట్లాగే తడిగుడ్డ కప్పినట్టు ఉక్కగా ఉంది. బయటివాళ్ళెవరూ అయిదు నిమిషాలు నిలవలేని ఆ ఉక్కలో ఆమెకి తప్ప ఎవరికీ తెలియని ఒక హాయి ఉండేది. ఆ రెండు రోజులూ అది కూడా లేదు.

బుధవారం మధ్యాహ్నం వరండా గోడకి పెద్ద పోస్టరు అంటించమని హెడ్డు కబురు పంపాడు. విప్పి చూసింది. దోమ బొమ్మ, సంస్థ గుర్తు, హెడ్డు ఫొటో. కింద పెద్ద అక్షరాల్లో, 'ఒక్క రోజైనా విరామం లేకుండా పెంచుతున్న దోమల జాతి.'

ఆమె స్టూలెక్కి నాలుగు మూలలా టేపు వేసింది. ఎక్కడా ముడత పడకుండా అరచేత్తో నిమిరింది. 'విరామం లేకుండా' అన్న మాట మీద చెయ్యి ఆగింది. ఇది నిజం. అక్షరాలా నిజం. అబద్ధమంతా వేరే కాగితంలో ఉంది.

హెడ్డు వెనక నుంచి వచ్చి, "వంకరగా లేదుగా?" అని అడిగాడు.

"పోస్టరు సరిగ్గానే ఉంది సార్" అంది.

గురువారం పొద్దున భర్త స్కూటరు తీశాడు. సంస్థ ప్రహరీ మొదలయ్యే మలుపులో వేగం తగ్గించి, అలవాటుగా వెనక సందు వైపు హ్యాండిలు తిప్పబోయాడు.

"ముందు గేటుకి పోనివ్వండి" అంది ఆమె.

అతను స్కూటరు ఆపాడు. తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు.  హ్యాండిలు సరిచేసి, పెద్ద రోడ్డు మీద తిన్నగా పోనిచ్చి, ముందు గేటు ఎదురుగా ఆపాడు. ఆమె దిగాక కూడా ఇంజను ఆపేసి కాసేపు అక్కడే నిలబడ్డాడు.

వాచ్‌మన్ గాభరాగా ఎదురొచ్చాడు. "అక్కా, ఇవాళ మీ పేరు లేదు. వెనక గేటు తీసే ఉంచమన్నారు."

"తెలుసు. నన్ను విజిటరుగా రాసుకో."

"మిమ్మల్నా?"

"ఇవాళ నేను బయటిదాన్నే కదా. హెడ్డుగార్ని కలవాలి. అప్లికేషను తీసేశారు, కారణం అడగాలి. నిజమే రాయి, తప్పేం లేదు."

అతను తల గోక్కున్నాడు. రోజూ నమస్కారం పెట్టే మనిషి పేరు, ఊరు అడిగి రాసుకోవడానికి అతనికి సిగ్గేసింది. ఆమె తనే చెప్పి రాయించి, తాడున్న విజిటరు బ్యాడ్జీ అందుకుని మెళ్ళో వేసుకుంది.

హెడ్డు వరండాలోనే ఎదురయ్యాడు. కొత్త చొక్కా, దువ్విన జుట్టు. "వచ్చావా, బతికించావు" అన్నాడు. తర్వాత బ్యాడ్జీ చూశాడు. "అదేంటి మెళ్ళో? తీసెయ్ ముందు. వాళ్ళు గెస్ట్‌హౌసులో బయల్దేరారట. వెళ్ళి ప్యూపాలు తీసెయ్, త్వరగా."

"విజిటర్లు లోపల ఏదీ ముట్టుకోకూడదు సార్. రూలు."

"ఇప్పుడా అమ్మాయ్ వేళాకోళం?"

"వేళాకోళం కాదు. ఇవాళ నేను పనిలో ఉన్నానని ఒక్క ముక్క రాసివ్వండి. ఈ నిమిషంలో కోటు వేసుకుంటాను."

ఆయన ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నవ్వే మొహం అలాగే ఉంది, కళ్ళు మాత్రం గట్టిపడ్డాయి. "నీకోసం నేను ఎంత చేశానో మర్చిపోయావా? రేపు నీ కాంట్రాక్టు నా టేబుల్ మీదకే రావాలి."

"మర్చిపోలేదు సార్. రాసివ్వండి."

మెట్ల మీద మాటలు, అడుగుల చప్పుడు వినిపించాయి. ఆయన ఒక్క క్షణం ఆగాడు. రాసివ్వాలంటే ఆ క్షణం చాలు. జేబులో పెన్ను కూడా ఉంది. "తర్వాత మాట్లాడదాం" అని పళ్ళ మధ్య నుంచి అని, చేతులు జోడించుకుంటూ వచ్చేవాళ్ళకి ఎదురెళ్ళాడు.

వచ్చినవాళ్ళు ఇద్దరు. పొట్టిగా, తెల్లజుట్టుతో, మెళ్ళో గొలుసుకి భూతద్దం వేలాడుతున్న పెద్దావిడ ఒకరు. ఆవిడ వెనక ఫైలు మోసుకొచ్చిన ఒకాయన. ఆయన మొదట్నుంచి చివరిదాకా నోరు విప్పలేదు. వాళ్ళతో పాటు ఆమె కూడా గదిలోకి వెళ్ళి, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. బ్యాడ్జీ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

హెడ్డు చాలా బాగా మాట్లాడాడు. మొండి జాతి గురించి, తరాల గురించి, ఉష్ణోగ్రత గురించి ఆయన చెప్పిన ప్రతి అంకె ఆమె ఇచ్చిందే. పెద్దావిడ తలూపుతూ, బోనుల్లోకి తొంగిచూస్తూ, పళ్ళేల దగ్గరికి వచ్చి ఆగింది. భూతద్దం పెట్టి చూసింది.

"ఇవాళ్టి ప్యూపాలు ఇంకా తియ్యలేదేం?"

"మీరు చూస్తారనే ఉంచామండీ" అన్నాడు హెడ్డు తడుముకోకుండా.

"మంచిది. తియ్యండి, చూద్దాం."

ఆయన చూపు తలుపు పక్కకి వచ్చింది. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

డ్రాపర్ పట్టి ఎన్నేళ్ళయిందో, రబ్బరు బుడ్డిని గట్టిగా నొక్కాడు. లోపలి గాలి బుడగలై పైకి లేచి ప్యూపాలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఒకటి చిక్కితే రెండు జారాయి. చిక్కినవాటిలో కొన్ని గచ్చు మీద పడ్డాయి. ఆమె వేళ్ళు వెనకాల వాటంతటవే కదులుతున్నాయి. మెల్లగా, పైన కాదు, పక్క నుంచి. చెప్పలేదు. పెద్దావిడ కూడా ఏమీ అనలేదు.

గిన్నె సగం నిండాక ఆయన లేచాడు. అది మొండివాటి గిన్నె. చెమట తుడుచుకుని, గిన్నె పట్టుకుని, కుడి పక్క అరల వైపు నడిచాడు.

 మెతకవాటి బోను దగ్గర ఆయన గుడ్డగొట్టం ముడి విప్పుతున్నాడు. ఊరుకుంటే చాలు. సాక్షుల ముందు, స్వయంగా తన చేత్తోనే ఆయన ఆ గదిని నాశనం చేసుకుంటాడు. ఇంతకంటే మంచి శాస్తి వెతికినా దొరకదు. కానీ ఆ బోనులో కలిసిపోయేవి ఆయన ఏళ్ళు కావు, తనవి.

"ఆ బోను కాదు సార్."

గొంతు తనకే పెద్దగా వినిపించింది. హెడ్డు చెయ్యి గొట్టంలో సగందాకా వెళ్ళి ఆగింది. పెద్దావిడ వెనక్కి తిరిగింది.

"ఎవరమ్మా మీరు?"

"ఇవాళ విజిటర్నండీ."

"మిగతా రోజులు?"

"వీటిని పెంచేది నేను. ఇవాళ నాకు కాంట్రాక్టులో బ్రేకు. రికార్డు ప్రకారం నేనిక్కడ లేను."

"ఏటా ఉంటుందా ఈ బ్రేకు?"

"ఉంటుంది."

"ఆ రోజు వీటినెవరు చూస్తారు?"

"నేనే. వెనక గేటు నుంచి వచ్చి."

హెడ్డు చెయ్యి బయటికి తీసి, గిన్నె బల్ల మీద పెట్టాడు. "అది చిన్న ఆఫీసు వ్యవహారమండీ, మనం టీ దగ్గర..."

"టీ తర్వాత" అంది పెద్దావిడ. గొంతు పెంచలేదు. "బయట గోడ మీద రాశారు, ఒక్క రోజైనా విరామం లేదని. అది నిజమైతే ఈవిడకి బ్రేకు లేనట్టే. ఈవిడకి బ్రేకు ఉన్నమాట నిజమైతే ఆ రోజుల్లో ఈ జాతిని ఎవరు చూశారో, ఏది దేంతో కలిసిందో తెలీదు. అలాంటి గదికి నేను గుర్తింపు ఇవ్వలేను. రెండిట్లో ఏది రాసుకోమంటారు?"

 హెడ్డు మెడ మీద చెమట కొత్త చొక్కాలోకి జారుతోంది.

"బ్రేకు ఊరికే కాగితం మీద మాటండీ" అన్నాడు చివరికి. "ఆవిడ రోజూ ఉంది. ఒక్క రోజు కూడా మానలేదు."

"నాకు చెబితే ఏం లాభం? అదే రాసి పంపండి. అది అందాక నా రిపోర్టు వెళ్తుంది." ఆవిడ ఆమె వైపు తిరిగింది. "ఇంక ఆ ప్యూపాలు మీరు తియ్యొచ్చుగా?"

"ఇంకా రాయలేదు కదండీ" అంది ఆమె.

పెద్దావిడ పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో కాదో తెలీదు. స్టూలు హెడ్డు వైపు కాలితో కొంచెం జరిపింది.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆమె దగ్గరగా వెళ్ళి, చేతులు వెనకే ఉంచుకుని నిలబడింది. "బయటే గాలి వదిలి అప్పుడు ముంచండి సార్. మెల్లగా. పక్క నుంచి" అని చెబుతూ ఉంది. ఆయన అలాగే చేస్తూ ఉన్నాడు. ఆ పళ్ళెం అయ్యాక ఆయన నడుం నిమురుకుంటూ లేవబోతే, "ఇంకా మూడున్నాయి సార్" అంది. కమిటీవాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆయన ఆ మూడూ ఏరాల్సి వచ్చింది. చూస్తుంటే ఆమెకి సంతోషం కలగలేదు. ఇంత చిన్న పని ఆయన ఎప్పుడూ చేతుల్లోకి తీసుకోకపోయినా ఇన్నేళ్ళు గది ఎలా నడిచిందో ఆయనకి తెలుసు. తెలిసే సంతకాలు పెట్టాడు. ఆమె కోపం అక్కడే ఉంది, ఒక్క అంగుళం తగ్గలేదు.

శుక్రవారం పొద్దున హెడ్డు పిలిపించాడు. టేబుల్ మీద కొత్త కాంట్రాక్టు, దాని పైన టైపు చేసిన ఇంకో కాగితం ఉన్నాయి. ఆయన కిటికీ వైపు చూస్తూ, "చదువుకోండి. కమిటీకి పంపేది ఇదే. మీ అప్లికేషను కూడా మళ్ళీ తీసుకుంటారు" అన్నాడు. అమ్మాయ్ పోయి మీరు వచ్చింది. ఆ మీరులో మర్యాద లేకపోయినా ఆమెకి అదే నయమనిపించింది.

ఆమె నిలబడే చదివింది. 'సంస్థకు ఆమె అందించిన సేవలను దృష్టిలో ఉంచుకుని, దయతో పరిశీలించి, ఆమె సర్వీసులోని విరామాలను ప్రత్యేక సందర్భంగా మన్నించడమైనది.'

రెండోసారి చదివింది.

"నేనేం తప్పు చేశానని మన్నించారు సార్?"

"అది ఆఫీసు భాష. అందరికీ అలాగే రాస్తారు."

"ఈ దయతో అన్న మాట?"

"మీకు కావల్సింది ఇంటర్వ్యూ. అది వస్తుంది. మాటలతో పనేముంది?" ఆయన గొంతులో విసుగు దాగలేదు. "ఇంత చేయించినా చాలలేదా?"

ఆ క్షణంలో సంతకం పెట్టెయ్యడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. భర్త అదే చెబుతాడు, చెప్పినా తప్పు లేదు. ఇంటర్వ్యూకి పిలుపొస్తుంది. వచ్చినా ఆ పోస్టు తనకే ఇస్తారని నమ్మకం లేదు. ఎదురుగా ఉన్న మనిషి ఇంటర్వ్యూ బల్లకి అటు పక్కనే కూర్చుంటాడు. ఇదంతా తెలిసే కాగితాన్ని టేబుల్ మీద పెట్టి, ఆయన వైపు జరిపింది.

"ఆ విరామాలు లేవు సార్. లేనివాటిని మన్నించడం ఎలా కుదురుతుంది? మన దగ్గర చావని దోమని చచ్చిందని రాస్తే మీరే ఒప్పుకోరు. నేను ఆ రోజులన్నీ వచ్చాను, పని చేశాను. వచ్చిందని రాయండి. చేసిందని రాయండి. దయ వద్దు."

ఆయన కాగితాన్ని తన ముందుకి లాక్కున్నాడు. కమిటీ రిపోర్టు, గుర్తింపు, దేశాల నుంచి రావాల్సిన మందులు, అన్నీ లోలోపల ఆయన లెక్క చూసుకుంటున్నట్టే ఉంది. తర్వాత బెల్లు కొట్టి, టైపు చేసేవాణ్ణి పిలిచి, ఆమె వైపు చూడకుండా కొత్త వాక్యం చెప్పాడు. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి మాట మార్పించింది.

కాగితం వచ్చింది. యంత్రంలోంచి తీసిన వేడి ఇంకా తగ్గలేదు. ఈసారి ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని చదివింది. ఆమె చేరిన తేదీ ఉంది. ఆనాటి నుంచి నేటి వరకు ప్రతి రోజూ విధుల్లో ఉన్నట్టు ఉంది. బ్రేకులని రాసిన రోజులు కూడా పని రోజులేనని ఉంది. కింద హెడ్డు సంతకం ఉంది. వెతికి వెతికి చూసింది, ఎక్కడా దయ లేదు.

పెన్ను తీసి, అందినట్టు తన సంతకం పెట్టింది.